నాలుగో అస్థిపంజరం

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. గేములు అమ్మే పెద్ద కంపెనీ నుంచి మధ్యాహ్నం ఒకావిడ వస్తుంది. ఆవిడకి నేలమాళిగలో జరిగే పోరాటం చూపించాలి. నచ్చితే గేము పూర్తవుతుంది, నచ్చకపోతే ఆఫీసు మూసేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. చూపించడానికి నేలమాళిగ తయారుగా ఉంది. కిందికి దిగే మెట్లున్నాయి, గోడల మీద చెమ్మ ఉంది, కాపలాకి మూడు అస్థిపంజరాలున్నాయి. పోరాటం ఒక్కటే లేదు.

లేకపోవడానికి కారణం తోడల్లుళ్ళు. తెర మీద ఆకుపచ్చ గీతలు తప్ప ఇంకేమీ కనిపించని రోజుల్లో వచ్చిన ఒక పాత గేముని వాళ్ళిద్దరూ కలిసి కొత్తగా తయారుచేస్తున్నారు. నలుగురు వీరులు, ఒక పాడుబడ్డ కోట, దాని కింద నేలమాళిగ. చిన్నప్పుడు ఇద్దరూ వేరువేరు ఇళ్ళలో అదే గేము ఆడి, అదే నేలమాళిగలో లెక్కలేనన్నిసార్లు చచ్చారు. అక్కచెల్లెళ్ళని చేసుకున్నాక ఈ సంగతి బయటపడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఫోటో దిగారు. ఆ తర్వాత ఇంక ఏ విషయంలోనూ వాళ్ళకి పొసగలేదు.

పెద్దల్లుడిది వంతుల పక్షం. మనమొక దెబ్బ, శత్రువొక దెబ్బ. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్ళు కదలకూడదు. ఏ శత్రువునైనా చేత్తో తెచ్చి, అది అక్కడెందుకుందో తెలుసుకుని మరీ నిలబెట్టాలంటాడు. చిన్నల్లుడికి వంతులంటే ఒళ్ళు మంట. ఎవరూ ఎవరికోసమూ ఆగకూడదు, ఏ మూల నుంచి ఏమొస్తుందో గేము తయారుచేసినవాడికి కూడా తెలియకూడదని అతని వాదన. మాట్లాడేటప్పుడూ అంతే. పెద్దల్లుడు ఎదుటివాళ్ళు ముగించేదాకా ఆగి, ఇంకాస్త ఆగి, అప్పుడు నోరు తెరుస్తాడు. చిన్నల్లుడు ఎదుటివాళ్ళ వాక్యంలో రెండో సగం తనే పూర్తిచేస్తాడు. దాంతో వాళ్ళ వాదనల్లో పెద్దల్లుడి వాక్యాలు చాలావరకు మొండేలుగానే మిగిలిపోయేవి.

వీరులకి శత్రువులు తారసపడటాన్ని మొదట్లో వాళ్ళు ఎన్‌కౌంటర్ అనే అనేవారు. ఒకసారి బస్సులో చిన్నల్లుడు గొంతు పెంచి, "రేపటి ఎన్‌కౌంటర్‌లో ముగ్గురు చాలు, మిగతావాళ్ళని ఎల్లుండికి ఉంచుదాం" అన్నాడు. చుట్టుపక్కల సీట్లన్నీ నిశ్శబ్దంగా ఖాళీ అయ్యాయి. అప్పటినుంచి ఇద్దరూ ఎదురుపాటు అంటున్నారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన మాట ఇదొక్కటే.

"దారిలో చిల్లర దెయ్యాలు నాలుగు తగిలితే తప్పేంటి అన్నయ్యగారూ?" ఆ ఉదయం కూడా చిన్నల్లుడే మొదలుపెట్టాడు.

పెద్దల్లుడు ఆగాడు. ఇంకాస్త ఆగాడు. "ఆ చిల్లర పోరాటాలే పాత గేముల్ని పాడుచేశాయి తమ్ముడూ. అడుగు తీసి అడుగేస్తే ఎలకలు. పది ఎలకల్ని చంపాక పదకొండో ఎలకని చూసి భయపడేవాడు..."

"భయపడతాడు, అది ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి."

"అది భయం కాదు, విసుగు."

"మరి మీ పద్ధతిలో? దెయ్యం తన వంతు కోసం చేతులు కట్టుకుని నించుంటుంది. అంత మర్యాదస్తురాలిని చూసి ఎవరు భయపడతారండీ?"

ఇది ఇలాగే మధ్యాహ్నం దాకా సాగేదే. కానీ పెద్దల్లుడి భార్య కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆఫీసు నడిపేది ఆవిడే. ఆవిడని అందరూ అక్క అంటారు. భర్త కూడా ఫోన్లో ఒకసారి పొరపాటున "అక్క ఉందా?" అని అడిగాడు.

"మాటలతో తేలదు గానీ, కింది అంతస్తులోకి పదండి" అంది అక్క. "నేనూ, చెల్లీ, సౌండాయనా అస్థిపంజరాలం. మీరిద్దరూ వీరులు. ఒకసారి వంతుల్లో నడవండి, ఒకసారి వంతుల్లేకుండా నడవండి. దేనికి భయమేస్తే దాన్ని పెట్టేద్దాం."

కింది అంతస్తు మొన్నమొన్నటిదాకా కంటి ఆసుపత్రి. డాక్టరు వేరే వీధికి మారిపోయాడు గానీ, గోడకి బోర్డు ఇంకా అలాగే ఉంది. అద్దెకి చూడ్డానికి వచ్చేవాళ్ళకి చూపించమని ఇంటివాళ్ళు తాళంచెవి అక్క దగ్గర పెట్టారు. ఐదుగురూ దిగి, తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, కప్పుకోవడానికేమీ తెచ్చుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ పైకెళ్ళారు. చెల్లెలు గేముకి బొమ్మలు గీసేటప్పుడు వెనక కట్టుకునే బూడిదరంగు దుప్పట్లు మూడు దొరికాయి. సౌండాయన ఎండు వెదురుముక్కల కట్ట తీసుకున్నాడు. గేములో ఎముకల చప్పుడు దాంతోనే చేస్తాడు. పెద్దల్లుడు ఆయుధంగా గొడుగు పట్టుకున్నాడు. చిన్నల్లుడు గోడమీది క్యాలెండరు తీసి కత్తిలా చుట్టి పట్టుకున్నాడు.

బయట వాన మొదలైంది. కింది అంతస్తుకి కరెంటు ఎప్పుడో తీసేశారు. గరుకు అద్దాల కిటికీల్లోంచి వచ్చే వెలుతురు గచ్చు దాకా రాకముందే ఆగిపోతోంది. హాల్లో కుర్చీలన్నిటిమీదా తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. ఎవరో కూచుని లేచి వెళ్ళినట్టు ఒకటి రెండు గుడ్డలు మధ్యలో లోతుగా కుంగి ఉన్నాయి. మందుల వాసన పోలేదు. హాలు చివర పొడవాటి నడవా, నడవా చివర చూపు పరీక్షించే చీకటిగది. ఆ గది గోడకున్న నిలువుటద్దంలో ఎదురుగోడ అక్షరాల అట్ట తిరగబడి కనిపిస్తోంది. పెద్ద అక్షరం దగ్గర మొదలై, కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు సన్నబడి, చివరి వరుస చీమలబారులా చీకట్లో కలిసిపోయింది.

మూడు దుప్పట్లూ వెళ్ళి నడవాలో తలోచోటా నిలబడ్డాయి. కాసేపటికి వాటిలో ఏది అక్కో, ఏది చెల్లెలో, ఏది సౌండాయనో తెలియకుండా పోయింది. వెదురుముక్కలు ఒకసారి గలగలమన్నాయి.

"తర్వాతి వంతు" అన్నాడు పెద్దల్లుడు. ఖాళీ గోడలు ఆ మాటని కాస్త ఆలస్యంగా తిరిగి పలికాయి.

మూడు దుప్పట్లూ ఒక్కో అడుగు ముందుకి జరిగి ఆగాయి. వీరులిద్దరూ ఒక్కో అడుగు వేశారు. చిన్నల్లుడు ఆవలించబోయి, సగంలో నోరు మూసుకున్నాడు. బూడిదరంగు ఆకారాల వెనక, చీకటిగది గుమ్మంలో, తెల్లటిదొకటి ఉంది.

పెద్దల్లుడూ చూశాడు. మొదట అద్దంలో ఏదో నీడ అనుకున్నాడు. "తర్వాతి వంతు" అన్నాడు కాస్త తగ్గిన గొంతుతో. తెల్లటిది ఒక అడుగు వేసింది. గచ్చు మీద తడి అరికాలు పడ్డ చప్పుడైంది. దాని తల ఉండాల్సిన చోట రెండు గుండ్రటి కళ్ళు, మనిషి కళ్ళకన్నా పెద్దవి, కిటికీ వెలుతురుకి తళుక్కుమన్నాయి.

పెద్దల్లుడికి విషయం అర్థమైంది. ఎప్పుడేమొస్తుందో తెలియకూడదన్న తన మాట నెగ్గించుకోవడానికి తమ్ముడు రహస్యంగా నాలుగోవాణ్ణి పెట్టాడు. చిన్నల్లుడికీ అర్థమైంది. సరైన చోట చేత్తో నిలబెడితే ఎంత భయమేస్తుందో చూపించడానికి అన్నయ్యగారు నాలుగోవాణ్ణి తెచ్చాడు. అడిగితే ఓడిపోయినట్టే. ఇద్దరూ అడగలేదు.

"ముందే చెప్పుంటే బాగుండేది" అన్నాడు పెద్దల్లుడు, తమ్ముడి వైపు చూడకుండా.

అది తనకి చెప్పుకుంటున్న సంజాయిషీ అనుకున్నాడు చిన్నల్లుడు. "చెప్పేస్తే ఇంక భయమేముంటుంది?" అన్నాడు పెద్దమనసుతో.

అది తప్పు ఒప్పుకోవడం అనుకున్నాడు పెద్దల్లుడు. "మనిషిని బాగానే ఎంచుకున్నట్టుంది."

"అవును, నడక చాలా బాగుంది."

వాక్యంలో కర్త లేకపోయినా మన భాషలో సుఖంగా రోజులు వెళ్ళిపోతాయి. వీళ్ళిద్దరూ ఒకరి పనితనాన్ని ఒకరు మెచ్చుకుంటూ, ఒక్కో వంతుకీ ఒక్కో అడుగు చొప్పున, దాని దగ్గరికి నడిచారు. అదీ వంతు తప్పకుండా వాళ్ళ దగ్గరికి వచ్చింది. దాని అంచు నుంచి నీళ్ళు కారి గచ్చు మీద సన్నటి చార పడుతోంది. నీళ్ళ ఏర్పాటు మరీ ఎక్కువైందని పెద్దల్లుడికి అనిపించింది. తనే అయితే అంత దూరం వెళ్ళేవాడు కాదు.

"ఇంక వంతులు చాలు అన్నయ్యగారూ" అన్నాడు చిన్నల్లుడు. "ఇప్పుడు నా పద్ధతి. అందరూ ఒకేసారి రండి."

దుప్పట్లు ఒక్కసారిగా కదిలాయి. వెదురు గలగలలాడింది, ఎవరి కాలో కుర్చీకి తగిలింది, తెల్లగుడ్డలు ఒకటి రెండు జారిపడ్డాయి. నడవా నిండా అడుగుల చప్పుడు. అంత గందరగోళంలోనూ తెల్లటిది మాత్రం కదల్లేదు. ఉన్నచోటే ఉండి, ఆ గుండ్రటి కళ్ళతో, అటు పరిగెత్తినవాళ్ళ వైపు ఒకసారి, ఇటు పరిగెత్తినవాళ్ళ వైపు ఒకసారి, మెల్లగా తల తిప్పుతోంది.

ఇంతలో ఒక దుప్పటి వీరుల దగ్గరికి వచ్చి ఆగి, పైకి లేచింది. అందులో చెల్లెలు ఉంది. బొమ్మలు గీసే మనిషి కాబట్టి చేతుల మీద ఆమెకి మహా పట్టింపు.

"ఏమండీ" అంది భర్తతో, "సౌండాయన చెయ్యేంటి, అంత చల్లగా, తడిగా ఉంది? ముసలివాళ్ళ చెయ్యిలా ముడతలు కూడా ఉన్నాయి."

"నేనిక్కడున్నానమ్మా" అన్నాడు సౌండాయన ఆమె వెనకనుంచే, దుప్పటి ఎత్తి.

అక్క కూడా దుప్పటి తీసింది. ముగ్గురు అస్థిపంజరాలూ, ఇద్దరు వీరులూ ఒకేచోట నిలబడి ఉన్నారు. నడవాలో ఇంకా ఒకరు మిగిలారు.

"మీ మనిషిని పిలవండి అన్నయ్యగారూ. ఇంక చాలు" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు ఆగాడు. ఇంకాస్త ఆగాడు. "నా మనిషెవరు? వాడు నీ మనిషి కదా."

అందరూ నడవా వైపు తిరిగారు. దిక్కు తోచనప్పుడు పెద్దల్లుడి నోటికి అలవాటైన మాటే వస్తుంది. ఇప్పుడూ అదే వచ్చింది. "తర్వాతి..." అని, మిగతా మాట మింగేశాడు.

ఆ సగం మాటకే తెల్లటిది ఒక అడుగు వేసింది.

"ఆ మాట ఇంకోసారి అన్నారంటే ఊరుకోను" అంది అక్క, చాలా నెమ్మదిగా.

ఆ తర్వాత జరిగినదాంట్లో ఎవరి పాత్ర ఎంతన్నది ఎవరూ సరిగా చెప్పలేరు. అందరూ వీధితలుపు వైపు పరిగెత్తారు. గాలికి తలుపు మూసుకుపోయి ఉంది. అది బయటనుంచి చెవి తిప్పితే తప్ప తెరుచుకోని రకం. చెవి బయట తాళంలోనే ఉంది. సౌండాయన రెండు చేతులా తలుపు బాదాడు. పెద్దల్లుడు ఎవరి వంతు కోసమూ ఆగలేదు. గొడుగు విసిరాడు, తమ్ముడి చేతిలోని క్యాలెండరు లాక్కుని విసిరాడు, కుర్చీగుడ్డలు లాగి లాగి విసిరాడు, వెదురుకట్ట విప్పి ఒక్కో ముక్కా ఊపిరి తీసుకోకుండా విసిరాడు. పక్కన చిన్నల్లుడు రెండు చేతులూ పైకెత్తి, "ఆగండి, ఒక్కొక్కళ్ళుగా, ఒక్కొక్కళ్ళుగా, ముందు ఎవరో ఒకళ్ళ వంతు తేల్చండి" అని అందరినీ బతిమాలుతున్నాడు.

తెల్లటిది మోకాలు తడుముకుంటూ వెలుతురులోకి వచ్చింది.

"అమ్మా, నా వంతు వచ్చిందా?" అని అడిగింది.

కుర్చీగుడ్డ కప్పుకున్న ఒక పెద్దాయన. పొద్దున్న వీధిలో జారిపడి కళ్ళద్దాలు పగలగొట్టుకున్నాడు. చేసేది గడియారాలు బాగుచేసే పని, చూపు లేకపోతే క్షణం గడవదు. బయట పాత బోర్డు చూసి, తడుముకుంటూ లోపలికొచ్చాడు. తలుపు తెరిచే ఉంది. వానలో తడిసి వణుకుతుంటే కుర్చీ మీద గుడ్డ కనిపించింది, కప్పుకున్నాడు. డాక్టరు వదిలేసి పోయిన బల్ల సొరుగులో, చూపు పరీక్షకి వాడే గుండ్రటి ఇనప ఫ్రేము చేతికి తగిలింది. దేనికైనా మంచిదని పెట్టుకున్నాడు.

"ఇందాకట్నుంచీ తర్వాతి వంతు, తర్వాతి వంతు అని పిలుస్తున్నారు కదా, నేనూ జరుగుతూనే ఉన్నా" అన్నాడు. "ముందు ముగ్గురున్నారు, సరే, ఆగాను. మధ్యలో అందరూ ఒక్కసారిగా తోసుకున్నారు. నాకది అలవాటు లేదు, ఉన్నచోటే నించున్నా. ఇక్కడ రద్దీ బాగా పెరిగిందమ్మా. దుప్పట్లు కూడా ఇస్తున్నారే."

"మీకు భయమేయలేదా తాతగారూ?" అంది చెల్లెలు.

"దేనికి? ఆపరేషనైనవాళ్ళు మెల్లగానే నడుస్తారు" అని ఆయన చేయి చాచి వెతుక్కుంటే, అక్క తీసుకెళ్ళి కుర్చీలో కూచోబెట్టింది. పెద్దల్లుడు ఆయన మోకాలికి తగిలిన గొడుగుని ఏరుకొచ్చి, ఏమనాలో తెలియక, ఆయన చేతికే ఇచ్చాడు.

అప్పుడు బయట తాళంలో చెవి తిరిగింది.

తలుపు తెరిచింది కంపెనీ ఆవిడ. చేతిలో సంచీ ఉంది. దుప్పట్లు వేలాడేసుకున్న ముగ్గుర్నీ, నేలనిండా పడున్న వెదురుముక్కల్నీ, ఇనప కళ్ళద్దాల పెద్దాయన్నీ చూసి, గుమ్మం దాటి లోపలికి రాకుండా ఆగిపోయింది.

"తొందరగా వచ్చేశాను" అంది. "పైన ఎవరూ లేరు. తలుపులు తీసున్నాయి, టీ కప్పుల్లో టీ ఇంకా వేడిగానే ఉంది. పిలిచాను, పలకలేదు. కంప్యూటర్‌లో గేము నడుస్తోంది కదా అని కూచుని ఆడాను."

తోడల్లుళ్ళిద్దరికీ అర్థం కాలేదు. అందులో ఆడటానికేముంది? ఒప్పందం కుదరక పోరాటం ఇద్దరిలో ఎవరూ పెట్టలేదు. అస్థిపంజరాలు ఊరికే నిలబడి ఉంటాయి. బొమ్మ ఏ వైపునుంచి చూసినా సరిగా ఉందో లేదో చూసుకోవడానికని చెల్లెలు వాటి తలలు మాత్రం తిరిగేలా పెట్టింది.

"నేలమాళిగలోకి దిగాను" అంది ఆవిడ. "మూడూ అక్కడే ఉన్నాయి. కత్తి తీశాను, కొట్టలేదు. దగ్గరికెళ్ళాను, కొట్టలేదు. నేనెటు వెళ్తే అటు తల తిప్పి చూశాయంతే. అప్పుడు కాళ్ళకింద నేలలోంచి ఎముకల చప్పుడు మొదలైంది. ఎవరో మగగొంతుతో తర్వాతి వంతు, తర్వాతి వంతు అంటున్నారు. నా వంతేనేమోనని..." ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తర్వాత పరుగులు, కేకలు, తలుపు బాదిన చప్పుడు. నేను ఎవర్నీ కొట్టకుండా మెట్లెక్కి బయటికి వచ్చేశాను. ఆ శబ్దం స్పీకర్లలోంచి కాకుండా నేలలోంచి ఎలా తెప్పించారండీ?"

సౌండాయన తల వంచుకుని, "కొంచెం కష్టపడ్డామండీ" అన్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి ఇలాంటి గేములు చూస్తున్నాను. వంతులు పెట్టాలా, వద్దా, దారిలో ఎలకలుండాలా, పిశాచాలుండాలా అని వాదించుకునేవాళ్ళనే చూశాను. శత్రువుని నిలబెట్టి, పోరాటం పూర్తిగా తీసేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. దీన్ని ముట్టుకోకండి. ఇలాగే పూర్తిచేయండి, మేం తీసుకుంటాం." ఆవిడ ఇద్దరి వైపూ చూసింది. "ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?"

"నాదే" అన్నారు తోడల్లుళ్ళిద్దరూ, ఒక్కసారే.

అక్క ఇద్దర్నీ తేరిపార చూసి, కంపెనీ ఆవిడని పైకి తీసుకెళ్ళింది. సౌండాయన పెద్దాయన్ని పట్టుకుని, వాన తగ్గాక కొత్త ఆసుపత్రికి నడిపించుకెళ్ళాడు. చెల్లెలు వెదురుముక్కలు ఏరింది. తోడల్లుళ్ళు హాల్లో చెరో కుర్చీలో కూచుండిపోయారు. కాసేపటికి చిన్నల్లుడు ఏదో అనబోయాడు. పెద్దల్లుడు మొహం తిప్పుకున్నాడు.

గేము బయటికొచ్చింది, జనం ఆడుతున్నారు, చాలామంది నేలమాళిగ దాటలేక వెనక్కి వచ్చేస్తున్నారు. అందులో పోరాటం లేకపోవడం ఎవరి ఆలోచనన్న దగ్గర చెడి ఆ ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి, ఆఫీసులో పని మాత్రం చకచకా సాగుతోందని అక్క చెబుతుంది.